అక్క పేరున్న పీత

మా శిలాజాల పరిశోధన సంస్థ లైబ్రరీలో నేను ఇరవయ్యారేళ్ళుగా పని చేస్తున్నాను. పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు తక్కువ, ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. అందుకని నాకు పని లేదనుకోకండి. ఏటా ఒక పట్టిక తయారు చేయడం నా మెడకి చుట్టుకున్న పని. మా పరిశోధకుల్లో ఎవరు ఎన్ని పేపర్లు రాశారు, వాటిని లోకంలో ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారు అన్నది ఆ పట్టిక. ఆ ఉదహరింపుల్నే సైటేషన్లంటారు. ఎవరైనా "ఫలానావారు ఫలానా ఏడు ఇలా అన్నారు" అని రాసి, కింద ఆ పేరు వేస్తే ఒకటి. "ఫలానావారికి బుర్ర లేదు" అని రాసి పేరు వేసినా ఒకటే. లెక్కపెట్టే యంత్రానికి పొగడ్తకీ తిట్టుకీ తేడా తెలియదు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, తరవాత నన్నడగొద్దు.

ఆ పట్టికలో మొదటి రెండు వరసలూ ఎప్పుడూ రెండు గదులవే. పదకొండో గది పీత మేడమ్‌ది, పన్నెండో గది పక్కగది సార్‌ది. ఒక ఏడు ఆవిడ ముందుంటే మరుసటి ఏడు ఆయన. మిగతావాళ్ళు దరిదాపుల్లో కూడా ఉండరు. ఏనుగు దంతాల మీద పని చేసే పెద్దాయన ముప్ఫై నాలుగు పేపర్లు రాశాడు. అన్నీ నిజాలే. అందుకే ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. కాదనడానికి ఏమీ లేకపోతే ఎవరు ఉదహరిస్తారు చెప్పండి? పాపం, రిటైరయ్యేనాటికి ఆయన సైటేషన్లు ఏడు. అందులో నాలుగు ఆయన అల్లుడు వేసినవి.

పీత మేడమ్ పొట్టి మనిషి. మెడలో దారానికి భూతద్దం, చేతిసంచీలో పాత టూత్‌బ్రష్షు, ఒక అగ్గిపెట్టె నిండా కుట్టుమిషను సూదులు. ఆ సూదులు వాళ్ళ అక్కవి. మొన అరిగి గుడ్డకి పనికిరానివి రాయికి పనికొస్తాయని తెచ్చుకునేది. మెత్తటి ఇసుక సంచీ మీద రాయి పెట్టి, దాని మీద మట్టిని ఆ సూదితో పొద్దస్తమానం గోకుతూ కూర్చునేది. మధ్యలో పక్కగది సార్ దగ్గితే చాలు, గోడ మీద సుత్తితో రెండు దెబ్బలు వేసేది. ఆయనా ఊరుకునేవాడు కాదు, తిరిగి మూడు వేసేవాడు. ఆ గోడకి పెచ్చులూడిన చోట నేను ఒక కేలండరు తగిలించి పరువు కాపాడాను.

ఇద్దరికీ పడకపోవడానికి కారణం ఒక పీత. సరిగ్గా చెప్పాలంటే రెండు పీతలు.

ఇరవైతొమ్మిదేళ్ళ కిందట ఇద్దరూ కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒకే జీపులో ఒక పలకరాళ్ళ క్వారీకి వెళ్ళారు. స్టోరువాడు ఇద్దరికీ కలిపి ఒక్క సుత్తి ఇచ్చాడు. అది ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద దారి పొడుగునా వాదించుకుని, క్వారీ చేరేసరికి మాటలు మానేశారు. అక్కడి మేస్త్రీ రాళ్ళు చీల్చి ఇస్తుంటే, వీపులు తిప్పుకుని చెరో కుప్ప ముందు కూర్చున్నారు. సాయంత్రానికి ఆవిడ కుప్పలో ఒక పీత దొరికింది. ఆయన కుప్పలో ఒక పీత దొరికింది. పలక మీద నల్లటి మరకలా, బొటనవేలంత ఉంటుంది. తొమ్మిది కోట్ల ఏళ్ళ నాటిదట. మాటల్లేవు కనక ఎవరి పీతని వాళ్ళు గుడ్డలో చుట్టుకుని, జీపులో చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ తిరిగొచ్చారు.

ఎవరికి వాళ్ళు పేపరు రాశారు. ఆయనది పదకొండు రోజులు ముందు అచ్చయింది. ఆయన పీతకి ఎడమచేయి పెద్దది, కుడిచేయి చిన్నది. ఆవిడ పీతకి కుడిచేయి పెద్దది, ఎడమచేయి చిన్నది. మిగతా దాదాపు అంతా ఒకటే. అంటే దగ్గరి చుట్టాలైన రెండు వేరు జాతులన్నమాట. కుడిచేతి పీత నుంచే ఎడమచేతి పీత పుట్టిందని ఆవిడ రాసింది. కాదు, ఎడమచేతి దాన్నుంచే కుడిచేతిది పుట్టిందని ఆయన రాశాడు. ఆవిడ పదహారు తప్పులు చూపించింది. ఆయన ఆ పదహారింటిలో పంతొమ్మిది తప్పులు చూపించాడు. ఈలోగా క్వారీ మూతపడి నీళ్ళు నిండిపోయాయి. ఇంకో పీత దొరికే ఆశ లేదు. లోకంలో ఉన్నవి ఆ రెండే.

తగువు తీరే దారి లేదని తెలిశాక లోకమంతా వచ్చి అందులో చెయ్యి పెట్టింది. ఒకాయన కుడిచేతిది మగపీత, ఎడమచేతిది ఆడపీత అన్నాడు. ఒకావిడ ఆ రోజుల్లో సముద్రం ఎటు పారేదో ఎనభై పేజీలు రాసి, ఒడ్డున నిలబడే వైపుని బట్టి చెయ్యి పెరిగిందని తేల్చింది. ఇంకో మహానుభావుడు దొరికిన పీతలన్నిటినీ లెక్కవేసి, "ఎడమచేతివి సరిగ్గా యాభై శాతం" అని గ్రాఫు గీశాడు. ఒక సమావేశంలో కుడి పక్షంవాళ్ళు కుడివైపు, ఎడమ పక్షంవాళ్ళు ఎడమవైపు కూర్చున్నారట. వేదిక మీంచి చూసినాయన అటూఇటూ తారుమారై కనిపించేసరికి కంగారుపడి ఉపన్యాసం రెండోసారి మొదలుపెట్టాడట. ఇలా రాసిన ప్రతివాళ్ళూ కింద మావాళ్ళిద్దరి పేర్లూ వేశారు. నా పట్టికలో అంకెలు పెరుగుతూ పోయాయి.

ఇంత జరిగినా ఒకరి రాయిని ఒకరు కళ్ళతో చూడలేదు. చూపిస్తే ఎక్కడ ఏ వంక పెడతారోనని ఇద్దరికీ భయం. పేపర్లలో అచ్చయిన ఫోటోలు చూసే పోట్లాడుకున్నారు. ఆవిడ రాయి ఆవిడ బీరువాలో, తాళం ఆవిడ మెడలో. ఆయన రాయి ఆయన బీరువాలో, తాళం ఆయన మొలతాడుకి. రెండు బీరువాలూ ఒకే గోడకి వీపు ఆనించి ఉన్నాయి. మధ్యలో జానెడు ఇటుక, నా కేలండరు.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి.

పీతకి మేడమ్ తన అక్క పేరు పెట్టింది. కొత్త జాతిని మొదట వర్ణించినవాళ్ళు దానికి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. పక్కగది సార్ అప్పటి డైరెక్టరు గారి పేరు పెట్టాడు, ప్రమోషను వస్తుందని. ఆ డైరెక్టరు రెండు నెలల్లో కోళ్ళ పరిశోధనకి బదిలీ అయిపోయాడు. మేడమ్ మాత్రం తనని పెంచి, పగలంతా మిషను తొక్కి చదివించిన అక్క పేరుకి ఒక లాటిన్ తోక తగిలించి పీతకి పెట్టింది. అక్క పద్నాలుగేళ్ళు పెద్దది. తల్లి పోయాక చెల్లెలికి అన్నీ ఆవిడే. ఆవిడ టైలరు. వాళ్ళ రెండు గదుల ఇంట్లో, కిటికీ పక్కన ఇప్పటికీ ఆ మిషను ఉంది. చూపు తగ్గినా కాజాలు కుట్టడం మానలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం నేను కొత్త సైటేషన్ల కాగితం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. తలుపు తీయకముందే లోపలి నుంచి అక్క కేకేసేది.

"ఏం తమ్ముడూ, ఈ నెల నన్నెంతమంది తలుచుకున్నారు?"

"ముగ్గురు తలుచుకున్నారక్కా."

"మంచిగానా, చెడ్డగానా?"

"ఒకరు మంచిగా. ఇద్దరు తిట్టారు."

"తిట్టినా తలుచుకున్నట్టే కదా," అని నా లెక్కల యంత్రం మాటే అనేది. కాఫీ తాగుతూ ఆవిడకి పొలమారితే చెల్లెలు వీపు నిమిరి, "ఎవరో నిన్ను సైట్ చేస్తున్నట్టున్నారే" అనేది. ఒకసారి వరసగా మూడుసార్లు పొలమారింది. నేను ఊరికే తేదీ రాసిపెట్టుకున్నాను. తరవాత చూస్తే అదే వారంలో ఆ ఎనభై పేజీల పేపరు వచ్చింది. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. తేదీలు మాత్రం కలిశాయి.

కూరగాయలమ్మే ఆవిడకీ, గ్యాసు బండ తెచ్చేవాడికీ, కింది వాటాలో అద్దెకున్నవాళ్ళకీ అక్క ఒకటే చెప్పేది. "లోకంలో నా పేరు మీద ఒక పీత ఉంది." వాళ్ళు నవ్వినా పట్టించుకునేది కాదు. పక్కగది సార్ పేపర్లు మాత్రం మేడమ్ ఇంటికి తెచ్చేది కాదు. ఆయన ఫోటో కంటబడితే అక్కకి బీపీ పెరుగుతుందని. ఆయన ఫోటో అంటే ఆయన పీత ఫోటో అని.

అలా హాయిగా పోట్లాడుకుంటుండగా ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే పని మీద రెండు విభాగాలు దండగ, సైటేషన్లు ఎవరికెక్కువుంటే వారి విభాగం ఉంచి రెండోది మూసేస్తాం, మూసిన విభాగం రాళ్ళన్నీ పెట్టెల్లో వేసి గోదాముకి పంపుతాం, ఆ అధికారిని మా దగ్గరకి పిలిపించుకుంటాం అని. దానికి ముందు ఇద్దరు తనిఖీదార్లు వచ్చి, సైటేషన్ల వెనక నిజంగా వస్తువులున్నాయో లేదో కళ్ళారా చూసి సంతకం పెడతారట.

తనిఖీ నా లైబ్రరీలో పెట్టారు. పెద్ద బల్ల ఉన్నది అక్కడే. మేడమ్ తన రాయి తెచ్చి ఈ చివర పెట్టింది. సార్ తన రాయి తెచ్చి ఆ చివర పెట్టి, అడ్డంగా ఒక అట్లాసు పుస్తకం నిలబెట్టాడు. లావుపాటి తనిఖీదారు ఫారం తీశాడు. అది అన్ని సంస్థలకీ కలిపి అచ్చు వేయించింది.

"జీవి పేరు... పీత. సరే. సజీవమా, నిర్జీవమా?"

"నిర్జీవం," అంది మేడమ్.

"ఎప్పుడు చనిపోయింది?"

"తొమ్మిది కోట్ల ఏళ్ళ కిందట."

"మరి ఇరవైనాలుగు గంటల్లోగా పై అధికారికి తెలియజేశారా? ఆ కాలమ్ ఖాళీగా ఉంది."

మేడమ్ నా వైపు చూసింది. "అప్పటికి నేను ఉద్యోగంలో చేరలేదండీ," అంది. ఆయన తృప్తిగా రాసుకున్నాడు. సన్నపాటి తనిఖీదారు రెండు రాళ్ళకీ రబ్బరుస్టాంపు వేయబోతే ఇద్దరూ ఒకేసారి అడ్డం పడ్డారు. ఇరవైతొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.

అంతలో టీ వచ్చింది. సార్‌కి ఫోనొచ్చి వరండాలోకి వెళ్ళాడు. తనిఖీదార్లు బిస్కెట్ల కోసం ఫారాలు జరుపుకుంటున్నారు. ట్రే పెట్టడానికి చోటు లేదు. నాకు ఒక అలవాటుంది. ముఖచిత్రాల మీద గీతలు పడకుండా పుస్తకాలని ముఖానికి ముఖం ఆనించి పేరుస్తాను. చెయ్యకూడని పనే, ఒప్పుకుంటున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సార్ రాయి తీసి మేడమ్ రాయి మీద బోర్లించాను.

ఠక్ మంది.

డబ్బాకి మూత పడ్డట్టు పడింది. అంచులో సందు లేదు. సార్ రాయికి మూల ఎక్కడ విరిగిందో, సరిగ్గా అక్కడే మేడమ్ రాయిలో పాత పగులు మొదలవుతోంది. నేను ట్రే సంగతి మరిచిపోయాను. మేడమ్ దగ్గరికి వచ్చింది. పైరాయి ఎత్తింది, చూసింది, పెట్టింది. మళ్ళీ ఎత్తింది. ఆవిడ పీతకి రెండు కాళ్ళు ఉండవు. అవి లేని జాతి అని ఆవిడే ఒక పేపరు రాసింది. ఆ రెండు కాళ్ళూ సార్ రాయికి అంటుకుని ఉన్నాయి.

పలకరాయిని చీలిస్తే లోపలి జీవి రెండు ముక్కల మీదా పడుతుంది, అద్దంలో బొమ్మలాగా. ఒకదాని మీద కుడి అయింది రెండోదాని మీద ఎడమ అవుతుంది. రాళ్ళవాళ్ళకి ఇది మొదటి పాఠం. కాకపోతే రెండు ముక్కలూ ఒకరి చేతిలోనే ఉంటాయి కనక ఎవరూ మోసపోరు. ఆ రోజు క్వారీ మేస్త్రీ, పాపం, ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని చూసి, ఎవరికీ అన్యాయం జరగకూడదని, చీల్చిన ప్రతి రాయీ చెరో ముక్క చేసి చెరో కుప్ప వేశాడు. ఉన్నది ఒకే పీత.

"వేరు చేసి పెట్టెయ్యండి," అంది మేడమ్. సార్ లోపలికి వచ్చేసరికి రెండు రాళ్ళూ రెండు చివర్లా ఉన్నాయి. మధ్యలో టీ ట్రే ఉంది.

సాయంత్రం మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను. "ఇప్పుడేమవుతుంది?"

"ఒకే జీవికి రెండు పేర్లుంటే ముందు అచ్చయిన పేరే నిలుస్తుందండీ. ఆయనది పదకొండు రోజులు ముందు."

"అంటే అక్క పేరు..."

"పోతుంది."

నాకు ఒళ్ళు మండింది. రెండు నెలల్లో కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయిన మనిషి పేరు నిలిచి, మిషను తొక్కిన మనిషి పేరు పోవడమేమిటి? "చూసింది మనమిద్దరమే," అన్నాను. "నాకు పుస్తకాలు తప్ప రాళ్ళ గురించి ఏమీ తెలియదు. మీరూ నోరు మూసుకోండి. పీతకేమీ నొప్పి లేదు." ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పదకొండో గదిలో సూది చప్పుడు వినిపించలేదు. సార్ దగ్గినా గోడ మీద దెబ్బ పడలేదు. ఆయనకి భయమేసి నా దగ్గరికొచ్చి, "ఏమయ్యా, ఆవిడకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు కూడా.

తొమ్మిదో రోజున ఫలితం వచ్చింది. మేడమ్ ఆరువందల పద్నాలుగు, సార్ ఆరువందల పదకొండు. సార్ విభాగం మూసేస్తున్నారు. ఆయన్ని ప్రధాన కార్యాలయంలో ఫారాలు తయారుచేసే సెక్షనులో వేశారు. సజీవమా నిర్జీవమా రాసేది అక్కడే.

పాత వార్తాపత్రికలు కావాలని సార్ లైబ్రరీకి వచ్చాడు, రాళ్ళు చుట్టి పెట్టెల్లో పెట్టుకోవడానికి. కట్ట తీసుకుని కూడా కదల్లేదు.

"మూడే తేడానయ్యా. నేను ఒక్కణ్ణే ఆవిడ్ని రెండువందల ఎనిమిది సార్లు ఉదహరించాను. ప్రతిసారీ తప్పని రాశాను. ఒక నాలుగుసార్లు నోరు మూసుకుని ఉంటే నేనే గెలిచేవాణ్ణి."

నిజానికి ఆయనంటే నాకెప్పుడూ గిట్టదు. ఆ రోజు మాత్రం జాలేసింది. ఆయన వెళ్ళాక చూస్తే, బీరువా సందులో మేడమ్ నిలబడి ఉంది. అంతా విన్నది. ఆయన మొదటి పేపరు తీసిమ్మని అడిగింది. ఫోటో ఉన్న పేజీ చూసుకుని సంచీలో పెట్టుకుంది.

"ఆదివారం మీరూ రండి," అంది. "అక్కకి నేనొక్కదాన్నే చెప్పలేను."

ఆదివారం వెళ్ళాను. అక్క కిటికీ దగ్గర కాజాలు కుడుతోంది. "ఎంతమంది తలుచుకున్నారు?" అంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మేడమ్ వెళ్ళి రెండు ఫోటోలు అక్క ఒళ్ళో పెట్టింది. చెప్పడం మొదలుపెట్టబోయింది. అక్క భూతద్దం లాక్కుని ఒకటి చూసింది, రెండోది చూసింది.

"ఇదేంటే, ఒకే గుడ్డని మడత పెట్టి కత్తిరించినట్టుంది?"

మేడమ్ ముందుకి వంగి చూసింది.

"జాకెట్టుకి చేతులు ఎలా తీస్తామనుకున్నావు?" అని అక్క పక్కనున్న పాత కాగితం అందుకుని మడిచి, కత్తెరతో చరచరా కోసి విప్పింది. రెండు చేతులు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. "మడత ఒక్కటే, కోత ఒక్కటే. దీని అంచు చూడు, దాని అంచు చూడు. ఇంత చదువు చదివావు, ఈ మాత్రం తెలీదా? ఆ రెండోది ఎవరి దగ్గరుంది?"

"పక్కగదిలో."

"పక్కగదిలోనా!" అని అక్క కాసేపు చెల్లెలి మొహమే చూసింది. ఇరవైతొమ్మిదేళ్ళు, లోకంలోని పండితులందరూ కుడికీ ఎడమకీ చేరి కొట్టుకున్న తగువు. ఆ రెండు ఫోటోలూ ఒక్కసారి ఈ మిషను పక్కన పెట్టి ఉంటే కాజా కుట్టే లోపల తేలిపోయేది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మేడమ్ కింద కూర్చుని మిగతాది చెప్పింది. ముందు వచ్చిన పేరే నిలుస్తుందని, అక్క పేరు పోతుందని. ఇంకొకటి కూడా చెప్పింది, నాకూ తెలియనిది. "నా పేపరు ముందే సిద్ధమయిందక్కా. డైరెక్టరు పేరు పెట్టమని అందరూ అన్నారు. ఆయన పేరా నీ పేరా అని పన్నెండు రోజులు ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ పన్నెండు రోజులే నీ పేరుని చంపేశాయి. ఆలోచించాల్సిన మాటా అది? నాకు సిగ్గుగా ఉంది." ఆవిడ ఏడ్చింది. నేను కిటికీలోంచి వీధిలోకి చూశాను.

అక్క కోసిన కాగితం మళ్ళీ మడిచింది. "చెప్పకపోతే?"

"నీ పేరుంటుంది. నా విభాగం ఉంటుంది. ఆయన వెళ్ళిపోతాడు."

"నాకు బాధగానే ఉందే," అంది అక్క. "అబద్ధం ఎందుకు చెప్పాలి. ఈ ఇల్లు నా పేరు మీద లేదు. షాపు ఉన్నన్నాళ్ళూ బోర్డు మీద నాన్న పేరే ఉంది. కుట్టింది నేను. ఎక్కడైనా నా పేరు రాసి ఉందంటే ఆ పీత మీదే." ఫోటోలు చెల్లెలి చేతికిచ్చింది. "అయినా చెయ్యి తిరగేసి కుట్టామని తెలిశాక ఆ జాకెట్టు జనానికి ఇస్తామా? విప్పెయ్. అసలు పూర్తిగా చెరిపేస్తారా నా పేరు?"

"లేదక్కా. డైరెక్టరు పేరు కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. ఇదీ అదే, ఇది చెల్లదు అని. ఎప్పుడు పీత గురించి రాసినా అలాగే రాస్తారు."

"పోన్లే," అంది అక్క. ఆ పోన్లే నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

సోమవారం పొద్దున్నే మేడమ్ తన రాయి పట్టుకుని పన్నెండో గదిలోకి వెళ్ళింది. ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి. నేను కేలండరు సరిచేసే నెపంతో గోడ దగ్గర నిలబడ్డాను. ఠక్ మన్న చప్పుడు వినిపించింది. తరవాత సార్ గొంతు.

"అంటే నేను ఇన్నాళ్ళూ పోట్లాడింది నా రాయితోనేనా?"

"నేనూ అంతేనండీ."

"గెలిచారు కదా, ఎందుకు చెప్పారు?"

"మా అక్క చెప్పమంది."

తరవాత అక్కని చూడటానికి సార్ వాళ్ళింటికి వచ్చాడు. వస్తూ అరటిపళ్ళు తెచ్చాడు. అక్క ఆయన చేత కూడా కాగితం మడిపించి కోయించింది. ఆయన మొదటిసారి వంకరగా కోశాడని చీవాట్లు పెట్టింది. ఆయన తల వంచుకుని రెండోసారి కోశాడు.

ఇద్దరూ కలిసి దిద్దుబాటు పేపరు రాశారు. పేపరులో మొదటి బొమ్మ పీత కాదు, అక్క కోసిన రెండు చేతుల కాగితం. తేల్చింది ఆవిడే కనక ఆవిడ పేరు కూడా రచయితల్లో ఉండాలన్నాడు సార్. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. పేరు పక్కన వృత్తి రాయాల్సిన చోట "టైలరు" అని రాశారు. అంతవరకూ బాగానే ఉంది. ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర మళ్ళీ మొదలయింది. పేపరు నాది ముందని ఆయన, చెప్పింది నేను ముందని ఆవిడ. సుత్తి తగువు మళ్ళీ వచ్చింది. వారం రోజులు గోడ మీద దెబ్బలు పడ్డాయి. నా కేలండరు కింద పడి చిరిగింది. నాకు తిక్క రేగి పెన్ను లాక్కున్నాను.

"అక్షరక్రమంలో వేసుకోండి, పీడా పోతుంది!" అన్నాను.

అలాగే వేశారు. అక్క పేరు ఏ భాష అక్షరాల్లో పేర్చినా ముందే వస్తుంది. అప్పుడు ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, ఇంత పట్టికలు రాసినవాణ్ణి.

విభాగాల సంగతి అడుగుతారేమో. తప్పు పేపర్లని తీసేయడానికి లెక్కల యంత్రంలో మీట లేదు, కాబట్టి గెలిచింది మేడమే. పీత మాత్రం సార్‌ది. ఒకే వస్తువు సగం ఉంచే విభాగంలో, సగం మూసే విభాగంలో ఉంటే ఏ ఫారం నింపాలో ప్రధాన కార్యాలయానికి తెలియలేదు. ఫైలు ఇప్పటికీ అక్కడే ఉంది. రెండు గదులూ ఇక్కడే ఉన్నాయి. పెట్టెల్లో చుట్టిన రాళ్ళు మళ్ళీ బయటికి వచ్చాయి, నా పాత వార్తాపత్రికలు మాత్రం తిరిగి రాలేదు.

దిద్దుబాటు పేపరు వచ్చిన ఏడాదిలోనే గంగవెర్రులెత్తింది లోకం. కుడి పక్షం, ఎడమ పక్షం, ఎనభై పేజీలావిడ, యాభై శాతమాయన, అందరూ ఎలా మోసపోయారో రాసుకున్నారు. పాఠ్యపుస్తకాల్లోకి కాగితపు చేతుల బొమ్మ ఎక్కింది. ఆ ఏడు నా పట్టికలో మొదటి వరసలో పీత మేడమ్ లేదు, పక్కగది సార్ లేడు. యంత్రం మొదటి పేరునే లెక్కపెడుతుంది కనక, అక్కడ వృత్తి టైలరు అని ఉంది. ఈ పరిశోధకురాలు వార్షిక నివేదిక ఎందుకు పంపలేదని ప్రధాన కార్యాలయం నుంచి సంజాయిషీ ఉత్తరం కూడా వచ్చింది.

ఆ నెల మొదటి ఆదివారం నా కాగితం నాలుగు పేజీలుంది. అక్క చూపు బాగా తగ్గింది. వేలు పెట్టి చూపించమంది. రచయితలు ముగ్గురుంటే, సైటేషన్‌లో మొదటి పేరు మాత్రమే పూర్తిగా రాసి, మిగతావాళ్ళని ఒక్క మాటలో సర్దేస్తారు. నేను ఒక్కో వరసా చదివాను. ప్రతి వరసలోనూ అక్క పేరు, ఒక కామా, తదితరులు. అక్క పేరు, తదితరులు. కింద నుంచి పై దాకా అంతే.

మేడమ్, సార్ మిషను పక్కన చెరో స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. అక్క అన్ని పేజీలూ ఒళ్ళో పెట్టుకుని, తన పేరున్న చోట వేలితో తడిమింది.

"నా పేరు సరే. ఈ తదితరులు అంటే ఎవరే?"

మేడమ్ సార్ వైపు చూసింది. సార్ కప్పు కింద పెట్టాడు.

"మేమేనక్కా," అన్నారిద్దరూ.